నేరమంతా హార్మోన్లదేనా?

పొగతాగని ఆడమనిషికి ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలితే మన దగ్గర రెండు మాటలు వినిపిస్తాయి. మొదటిది చూడటానికొచ్చిన చుట్టాలు అనేది: "సిగరెట్టు ముఖం చూడని మనిషికి ఈ జబ్బేమిటమ్మా?" రెండోది కాస్త చదువుకున్నవాళ్ళు, ఆరోగ్య పేజీలు నింపేవాళ్ళు, టీవీ చర్చల్లో కూర్చునేవాళ్ళు అనేది: "ఆడవాళ్ళ ఒంట్లో హార్మోన్లు వేరు కదా, వాటి ప్రభావం." మొదటి మాటలో అమాయకత్వం ఉంది. రెండోది శాస్త్రంలా వినిపిస్తుంది కనుక ఎక్కువ చేటు చేస్తుంది. అది విన్నాక ఇంకెవరూ ఏమీ అడగరు. ఆమె ముప్ఫై ఏళ్ళు ఏ పొయ్యి ముందు కూర్చుందో, ఇంట్లో ఎవరు బీడీలు కాల్చారో, దగ్గు మొదలైన ఎన్నాళ్ళకు స్కాన్ తీయించారో ఎవరికీ పట్టదు. ఆడపుట్టుకే కారణమని తేల్చేశాక అడగడానికి ఏం మిగిలింది?

ఈ వ్యాసం ఆ రెండో మాటను ఖండించడానికి. హార్మోన్లకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఏ సంబంధమూ లేదని నేను అనను. ఆ సంబంధం గురించి దొరికిన సాక్ష్యం కొంత ఉంది. అది మోయగలిగిన బరువు ఎంతో, మనవాళ్ళు దాని నెత్తిన పెడుతున్నది ఎంతో చూస్తే తేడా తెలుస్తుంది.

ముందు జబ్బు ఎంత పెద్దదో చూద్దాం. 2022లో ప్రపంచవ్యాప్తంగా 9 లక్షలకు పైగా ఆడవాళ్ళకు కొత్తగా ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడింది. అదే ఏడాది దానితో చనిపోయిన ఆడవాళ్ళు 5 లక్షల 80 వేల పైమాటే. స్త్రీల ప్రాణాలు తీసే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ తర్వాతి స్థానం దీనిదే. అమెరికాలోనైతే 1987 నుంచీ రొమ్ము క్యాన్సర్ కంటే ఇదే ఎక్కువమంది ఆడవాళ్ళను పొట్టన పెట్టుకుంటోంది. అయినా మన ఊహలో ఈ జబ్బుకు ఒకటే ముఖం: చుట్ట కాల్చే ముసలాయన.

హార్మోన్ల వాదన మొదటి మెట్టు ఇలా ఉంటుంది. ప్రపంచంలో ఈ క్యాన్సర్ వచ్చిన మగవాళ్ళలో పొగతాగనివాళ్ళు సుమారు 15 శాతం. ఆడవాళ్ళలో సుమారు 53 శాతం. ఇంత తేడా ఉందంటే ఆడ శరీరంలోనే ఏదో ఉండాలి అంటారు. ఇది లెక్కలో తప్పటడుగు. 2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో పొగతాగే మగవాళ్ళు 19 శాతం, ఆడవాళ్ళు 2 శాతం. నూటికి 98 మంది ఆడవాళ్ళు పొగ తాగని దేశంలో, ఆ జబ్బు వచ్చిన ఆడవాళ్ళలో ఎక్కువమంది పొగతాగనివాళ్ళే ఉంటారు. ఆడ శరీరానికీ మగ శరీరానికీ ఏ తేడా లేకపోయినా ఈ లెక్క ఇలాగే వస్తుంది. అసలు అడగాల్సింది వేరు: పొగతాగని మగవాళ్ళు లక్షమందిని, పొగతాగని ఆడవాళ్ళు లక్షమందిని తీసుకుంటే ఎవరిలో ఎక్కువ? దీనికి జవాబులు ఒక్క తీరుగా లేవు. కొన్ని అధ్యయనాల్లో ఆడవాళ్ళలో కాస్త ఎక్కువ కనిపించింది. పలు దేశాల సమాచారం కలిపి 2008లో చూసినప్పుడు మరణాల రేటు మగవాళ్ళలోనే ఎక్కువ తేలింది. ఇలా అటూ ఇటూ ఊగే తేడాను ఆధారం చేసుకుని ఆడ శరీరం మీద నింద వేయడం కుదరదు.

రెండో మెట్టు: పొగతాగే ఆడవాళ్ళకు పొగతాగే మగవాళ్ళ కంటే ఎక్కువ ముప్పు అన్నది. దీనికి మూలం 1996లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన. అంతే పొగ తాగినా ఆడవాళ్ళకు ముప్పు 1.2 నుంచి 1.7 రెట్లు ఎక్కువని అది చెప్పింది. ఆ మాట ప్రపంచమంతా పాకింది, ఇప్పటికీ ఆరోగ్య పేజీల్లో తిరుగుతూనే ఉంది. కానీ అది రోగుల్ని, రోగులు కానివాళ్ళను పక్కపక్కన పెట్టి వెనక్కి చూసిన అధ్యయనం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను ఎంచుకుని ఏళ్ళ తరబడి వెంట నడిచిన అధ్యయనాలు తర్వాత వచ్చాయి. నర్సులను, మగ వైద్య సిబ్బందిని పోల్చి 2004లో చూశారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. 2008లో లక్షలమంది నడివయసు అమెరికన్ల సమాచారంతో మళ్ళీ చూశారు. అదే ఫలితం. మొదటి మాట పత్రికల్లోకి ఎక్కినంత వేగంగా దిద్దుబాటు ఎక్కలేదు. ఈ రెండింటి మధ్య దూరంలోనే "ఆడవాళ్ళ ఊపిరితిత్తులు బలహీనం" అనే నమ్మకం స్థిరపడిపోయింది.

మూడో మెట్టు: పశ్చిమ దేశాల్లో మగవాళ్ళలో ఈ క్యాన్సర్ తగ్గుతోంది, ఆడవాళ్ళలో అంతగా తగ్గడం లేదు, కాబట్టి హార్మోన్లు. ఇక్కడ చరిత్ర చదవాలి. అమెరికాలో మగవాళ్ళు మొదటి ప్రపంచయుద్ధం నాటికే సిగరెట్టుకు అలవాటు పడ్డారు. ఆడవాళ్ళ చేతికి దాన్ని అందించడానికి కంపెనీలు తర్వాత నడుం కట్టాయి. 1929లో న్యూయార్క్ ఈస్టర్ ఊరేగింపులో ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచార నిపుణుడు యువతుల చేత సిగరెట్లు వెలిగింపజేసి, దాన్ని స్త్రీ స్వేచ్ఛకు గుర్తుగా అమ్మాడు. పొగ అలవాటు జనంలో పాకిన ఇరవై ముప్ఫై ఏళ్ళకు గాని క్యాన్సర్ గీత పైకి లేవదు. ఆడవాళ్ళు ఆలస్యంగా మొదలుపెట్టారు కనుక వాళ్ళ గీత ఆలస్యంగా లేచింది, ఆలస్యంగా దిగుతోంది. ఇందులో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ప్రమేయం కంటే వ్యాపార ప్రకటనల ప్రమేయం ఎక్కువ.

ఇక్కడ అవతలి పక్షానికి ఒక మాట ఒప్పుకోవాలి. 1960ల మధ్య తర్వాత పుట్టిన అమెరికన్లలో, కొన్ని వర్గాల ఆడవాళ్ళలో ఈ క్యాన్సర్ రేటు అదే వయసు మగవాళ్ళను దాటిందని 2018లో తేలింది. సిగరెట్ల లెక్క ఒక్కటే దాన్ని పూర్తిగా వివరించలేదు. ఇది నిజమైన చిక్కు. అయితే "వివరణ ఇంకా దొరకలేదు" అన్న చోట "హార్మోన్లు" అని రాసి పెట్టడం వివరణ అయిపోదు.

ఇప్పుడు హార్మోన్ల పక్షం దగ్గరున్న అసలైన సరుకు. ఊపిరితిత్తి కణాల మీద ఈస్ట్రోజన్ గ్రాహకాలు ఉన్నాయి. కణితి లోపలే ఈస్ట్రోజన్‌ను తయారుచేయగల అరోమటేజ్ ఎంజైము కూడా దొరికింది. ప్రయోగశాలలో ఈస్ట్రోజన్ ఇస్తే కొన్ని క్యాన్సర్ కణాలు వేగంగా పెరిగాయి. మనుషుల్లో అన్నిటికంటే గట్టి సాక్ష్యం అమెరికా ప్రభుత్వం చేయించిన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ ప్రయోగం. ముట్లుడిగిన 16,608 మంది స్త్రీలను చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఈస్ట్రోజన్-ప్రొజెస్టిన్ కలిపిన మాత్ర, రెండో గుంపుకు మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బులు పెరుగుతున్నాయని 2002లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. 2009లో ఊపిరితిత్తుల లెక్క బయటికొచ్చింది. జబ్బు వచ్చినవాళ్ళ సంఖ్యలో గణాంకపరంగా నిలబడే తేడా లేదు. దానితో చనిపోయినవాళ్ళు మాత్రం హార్మోన్ గుంపులో 73 మంది, రెండో గుంపులో 40 మంది.

ఈ అంకెల్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ అవి ఏం చెబుతున్నాయో సరిగ్గా వినాలి. క్యాన్సర్‌ను కొత్తగా పుట్టించినట్టు అవి చూపలేదు. పుట్టిన క్యాన్సర్ మరింత ప్రాణాంతకం అయినట్టు చూపాయి. అంటుకున్న మంటను గాలి పెంచుతుంది, అంతమాత్రాన గాలిని అగ్గిపుల్ల అనం. పైగా గర్భసంచి తీయించుకున్న స్త్రీలకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చి నడిపిన జంట ప్రయోగంలో ఈ క్యాన్సర్ రావడంలోనూ చావుల్లోనూ తేడా కనిపించలేదు. ఈస్ట్రోజనే దోషి అయితే అది ఒంటరిగా ఉన్నప్పుడు ఎందుకు ఊరుకుంది? ప్రయోగాలుగా కాకుండా ఊరికే గమనించిన అధ్యయనాల్లో ఇంకా తికమక. హార్మోన్ మాత్రలు వాడినవాళ్ళకు ఈ క్యాన్సర్ తక్కువని కొన్ని చెబుతాయి. ముట్లు తొందరగా ఆగిపోయినవాళ్ళకే ముప్పు ఎక్కువని ఇంకొన్ని చెబుతాయి. ఆ ప్రయోగం హార్మోన్ ఎక్కువైతే కీడంటుంది, ఈ అధ్యయనాలు తక్కువైతే కీడంటాయి. సాక్ష్యం ఈ స్థితిలో ఉన్నప్పుడు పరిశోధకులు వెతకాలి. పత్రికలు తీర్పు చెప్పకూడదు.

మన సంగతికొస్తే ఈ వాదన మరీ తలకిందులవుతుంది. ఆ ప్రయోగాలు ముట్లుడిగాక హార్మోన్ మాత్రలు మింగిన అమెరికన్ స్త్రీల మీద జరిగాయి. మన పల్లెల్లో ఆ మాత్రలు మింగేవాళ్ళెందరు? మన దగ్గర జరుగుతున్నది దానికి తిరగబడ్డ పని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 8 శాతం దాటారు. అండాశయాలు కూడా తీసేస్తే ఆ వయసులోనే హార్మోన్లు పడిపోతాయి. ఎముకలు, గుండె ఏమవుతాయన్న ప్రశ్న ముందు వీళ్ళ విషయంలో అడగాలి. హార్మోన్లు ఎక్కువై మన ఆడవాళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తోందని రాసేవాళ్ళు ఈ లెక్క ఒక్కసారైనా చూశారా?

హార్మోన్ల మీద ఇంత అల్లిబిల్లి సాక్ష్యం ఉంటే, పొగ మీదున్న సాక్ష్యం సూటిగా ఉంది. 1981లో జపాన్‌లో తకేషి హిరయామా అనే వైద్యుడు, పొగతాగని 91,540 మంది గృహిణులను 14 ఏళ్ళు గమనించి, భర్త ఎంత ఎక్కువ సిగరెట్లు తాగితే భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అంత పెరుగుతుందని చూపించాడు. పొగాకు కంపెనీలు ఆయన మీద విరుచుకుపడ్డాయి. లెక్క తప్పన్నాయి. వాళ్ళ లోపలి కాగితాలు తర్వాత బయటపడినప్పుడు, హిరయామా చెప్పింది సరైనదేనని వాళ్ళ సలహాదారులే తమలో తాము ఒప్పుకున్నట్టు తేలింది. అంతకు ముందు 1950ల్లో కూడా గొప్ప గణాంక శాస్త్రజ్ఞుడు ఆర్.ఎ. ఫిషర్, సిగరెట్టును వెనకేసుకొస్తూ తప్పు పుట్టుకతో వచ్చే శరీర తత్వంలో ఉండవచ్చునని వాదించాడు. ఆయన అప్పుడు పొగాకు తయారీదారులకు సలహాదారు. నేటి హార్మోన్ పరిశోధకులు అలాంటివారని నేను అనను. నిందను పొగ మీద నుంచి శరీరం మీదకు మళ్ళించే మాటకు పాత చరిత్ర ఉందని, దానివల్ల ఎవరికి లాభమో గుర్తుంచుకోవాలని మాత్రం అంటాను.

ఈ తగాదాను తేల్చగల చోటు ఒకటుంది. చైనాలో యునాన్ రాష్ట్రపు షువాన్‌వెయ్ ప్రాంతం. అక్కడ ఆడవాళ్ళు సిగరెట్టు ముట్టరు, మగవాళ్ళు విరివిగా తాగుతారు. అయినా ఈ క్యాన్సర్‌తో పోయేవాళ్ళలో ఆడా మగా దాదాపు సమానం. ఆ స్త్రీల మరణాల రేటు చైనాలోకెల్లా ఎక్కువగా ఉండేది. కారణం ఇంటి మధ్య గుంటలో మండిన పొగబొగ్గు. పొగ బయటికి పోయే దారి ఉండేది కాదు. వండేది ఆడవాళ్ళే. తర్వాత చాలా ఇళ్ళలో పొయ్యికి గొట్టం పెట్టారు. 21 వేలమందికి పైగా రైతుల్ని 1976 నుంచి 1992 దాకా గమనిస్తే, గొట్టం పెట్టిన ఇళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మగవాళ్ళలో 41 శాతం, ఆడవాళ్ళలో 46 శాతం తగ్గింది. ఆ ఆడవాళ్ళ హార్మోన్లు గొట్టానికి ముందూ వెనకా ఒకటే. మారింది పొగ పోయే దారి.

ఇంట్లో కాల్చే బొగ్గు పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రూఢి అయిన క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టింది. కట్టెల వంటి ఇంధనాల పొగను, బాగా కాగిన నూనె వేపుడు ఆవిరిని బహుశా కారకాలన్న వర్గంలో చేర్చింది. ఇతరుల సిగరెట్టు పొగ, డీజిల్ పొగ, వీధి గాలి కాలుష్యం మొదటి జాబితాలోవే. 2023లో లండన్ శాస్త్రవేత్తలు ఇంకో ముడి విప్పారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ఊపిరితిత్తుల్లో కూడా ఈజీఎఫ్ఆర్ అనే జన్యువు మారిపోయిన కణాలు వయసుతో పాటు అక్కడక్కడా పోగవుతాయి. గాలిలోని సన్నటి ధూళి వాపు పుట్టించి వాటిని నిద్ర లేపుతుందని చూపించారు. పొగతాగని ఆసియా స్త్రీలలో ఎక్కువగా కనిపించేది ఈ ఈజీఎఫ్ఆర్ రకం క్యాన్సరే. హార్మోన్లు ఈ కథలో ఎక్కడో ఒక పాత్ర వేస్తుండవచ్చు. కథ నడిపేది మాత్రం మనం పీల్చే గాలి.

అసలు "మన ఆడవాళ్ళు పొగతాగరు" అన్నదే సగం నిజం. శ్రీకాకుళం, విశాఖపట్నం పల్లెల్లో ముసలమ్మలు చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం వైద్యులు దశాబ్దాలుగా రాస్తున్నదే. అంగిలి క్యాన్సర్ వచ్చాక గాని వాళ్ళు మన కంటికి పొగతాగేవాళ్ళుగా కనిపించరు. మిజోరం రాజధాని ఐజ్వాల్‌లో ఆడవాళ్ళ పొగాకు వాడకం ఎక్కువ. దేశంలో స్త్రీలలో ఊపిరితిత్తుల క్యాన్సర్ రేటు అన్నిటికంటే ఎక్కువ నమోదైందీ అక్కడే. ఈ ఆడవాళ్ళందరివీ మనలాంటి హార్మోన్లే.

నేను ఇంత పట్టుపట్టి వాదించడానికి కారణం ఉంది. కారణం ఫలానా అని ఏది నమ్మితే చికిత్సా నివారణా ఆ దారినే పోతాయి. హార్మోన్లని నమ్మితే చేయగలిగిందేమీ లేదు, ఖర్మ అనుకోవాలి. పొగ అని నమ్మితే చేయాల్సింది బోలెడు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో పేద ఇళ్ళకు వంటగ్యాస్ కనెక్షన్ ఇచ్చే దీపం పథకం వచ్చింది. 2016లో అలాంటిదే కేంద్ర పథకం ఉజ్వల వచ్చింది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమయ్యాయి. కనెక్షన్ ఉన్న ఇంట్లో కూడా స్నానాల నీళ్ళకీ పశువుల కుడితికీ కట్టెల పొయ్యి మండుతూనే ఉంటుంది. ఏడాది పొడవునా గ్యాస్ మీదే వండుకోగలిగేలా చేయడం క్యాన్సర్ నివారణ పనే. ఇంటి లోపల భర్తో మామగారో కాల్చే బీడీకి ఏ చట్టమూ అడ్డు లేదు. 2016-17 సర్వేలో మూడో వంతుకు మించి, 38.7 శాతం మంది పెద్దలు, ఇంట్లోనే పక్కవారి పొగ పీలుస్తున్నారని తేలింది.

ఇంకో నష్టం ఆసుపత్రిలో జరుగుతుంది. పొగతాగని నలభై ఏళ్ళ మనిషికి నెలలుగా దగ్గుంటే క్యాన్సర్ ఆలోచన రాదు. ఎక్స్-రేలో మచ్చ కనిపిస్తే క్షయ అంటారు. కఫంలో క్షయ సూక్ష్మజీవి కనబడకపోయినా ఆ మందులు మొదలుపెడతారు. ఆరు నెలలు పోతాయి. మన దేశంలో ఎక్కువమంది ఈ క్యాన్సర్ ముదిరాకే దొరకడానికి ఇది పెద్ద కారణం. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో అడినోకార్సినోమా అనే రకం ఉన్న భారతీయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మందిలో ఈజీఎఫ్ఆర్ మార్పు దొరుకుతుంది. వాళ్ళకు కీమో కంటే ఆ మార్పును అడ్డుకునే మాత్రలు బాగా పనిచేస్తాయి. ఆ జన్యు పరీక్ష అడగకపోతే ఆ మాత్ర దొరకదు. తైవాన్‌లో పొగతాగకపోయినా కుటుంబ చరిత్ర వంటి ముప్పులున్న 12,011 మందికి తక్కువ మోతాదు సీటీ తీస్తే 2.6 శాతం మందిలో క్యాన్సర్ కనిపించింది. 2022 నుంచి కుటుంబంలో ఈ జబ్బు ఉన్నవాళ్ళకు అక్కడి ప్రభుత్వమే స్కాన్ చేయిస్తోంది. ప్రాణానికి ముప్పు లేని చిన్న కణుతుల్ని కూడా వెతికి కోసేస్తున్నారన్న విమర్శా అక్కడ గట్టిగానే ఉంది. మనం దాన్ని గుడ్డిగా దించుకోనక్కర్లేదు. కానీ అక్కడ ఆడవాళ్ళ ఊపిరితిత్తుల గురించి కనీసం చర్చ ఉంది.

హార్మోన్ల మీద పరిశోధన సాగాలి. ఈస్ట్రోజన్‌ను అడ్డుకునే మందులు వాడిన రొమ్ము క్యాన్సర్ రోగుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు తగ్గాయని 2011లో జెనీవా నుంచి వచ్చిన ఫలితం వంటివి వెంబడించదగ్గవే. అది శాస్త్రవేత్తల పని. మన పని వేరే. పాత్రికేయులారా, "హార్మోన్ల ప్రభావం" అని రాసేముందు ఆ స్త్రీ వంటింటి గురించి ఒక వాక్యం రాయండి. డాక్టర్లారా, దగ్గుతో వచ్చిన ఆడమనిషిని పొయ్యి గురించీ, ఇంట్లో బీడీల గురించీ అడగండి, కఫంలో క్షయ లేదని తేలాక మందులతో నెలలు గడపకుండా సీటీ రాయండి. మూడు వారాలు దాటిన దగ్గు, కఫంలో రక్తపు జీర, గొంతు బొంగురు, కారణం లేకుండా తగ్గే బరువు ఉన్న అమ్మలూ అక్కలూ, "నేను పొగతాగను కదా" అని ఇంట్లో కూర్చోకండి. వెళ్ళి చూపించుకోండి. ఇంట్లో బీడీ కాల్చే మగవాళ్ళూ, వంటింట్లో పొగ నింపే పొయ్యిని ఏళ్ళ తరబడి చూస్తూ ఊరుకున్నవాళ్ళూ ఈ జబ్బులో తమ వాటా తాము ఒప్పుకోవాలి.